మూడో పిలుపు

మా పిల్లలకి తోటలో పేర్లు ఉండేవి కావు. ఇంట్లో పెట్టిన పేరు, రిజిస్టర్లో రాసిన పేరు, ముద్దుపేరు, అన్నీ ఆ తుప్పుపట్టిన గేటు బయట వదిలేసి లోపలికి రావాలి. లోపలికొచ్చాక ఒకడు వేప, ఒకత్తె ఉసిరి, ఇంకొకడు పనస. "నీ పేరేంటిరా?" అంటే "పనస" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు మూడడుగులు లేని వెధవ. ఆ పద్ధతి పెట్టింది నేను. చూసి మురిసిపోయిందీ నేనే. ఇప్పుడు ఆ గేటు దాటేటప్పుడు కాళ్లు బరువెక్కేదీ నాకే.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ఉండేది చోడవరంలో. మా కేంద్రం వడ్డాది వైపు ఒక చిన్న ఊళ్లో. ఆటో దిగాక చెరకు చేల మధ్య పది నిమిషాలు నడక. ఊరి పేరు చెప్పను. చెప్తే ఈ కథలో గుంట, ఆ చిన్నపిల్ల, ఎవరో తెలిసిపోతుంది. ఆమెకి నావల్ల జరిగింది చాలు.

కేంద్రం భవనం పైకప్పు పెచ్చులూడుతుండేది. ఒక వానాకాలం పొద్దున్న నేను రాకముందే ఒక పెచ్చు నా కుర్చీలో కూచుని ఉంది. ఆ మర్నాటిది పిల్లల నెత్తిన పడేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఉత్తరాలు రాశాను, ఫోటోలు పంపాను, ఒకరిద్దరితో గొడవ కూడా పడ్డాను. చివరికి ఆయాని తీసుకుని, పిల్లల్ని వరసకట్టించి, ఊరికీ కొండకీ మధ్యనున్న నర్సరీలోకి వెళ్లిపోయాను.

నర్సరీ అంటే ఒకప్పుడు అడవి మొక్కలు పెంచిన చోటు. ఎప్పుడో మొక్కలు పంచడం ఆగిపోయింది. పంచకుండా మిగిలినవి నల్ల కవర్లు చించుకుని, ఉన్నచోటే వేళ్లు దింపేసి చెట్లయిపోయాయి. అందుకని అక్కడ వేప, కానుగ, ఉసిరి, జీడిమామిడి అన్నీ వరసల్లో, ఊపిరాడనంత దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎండ కిందికి దిగదు. ఆ చెట్ల మొదళ్లలో ఇప్పటికీ నల్ల కవరు ముక్కలు కనబడతాయి. ఒక మూల ఇటుకల పంపుషెడ్డు, దాని వెనక ఈతపొదలు, ఆ పక్కన కంచె, కంచె అవతల మనిషి కంటే ఎత్తు చెరకు, చెరకు మధ్యలో గట్టులేని నేలబావి. పిల్లల్ని ఆడించే చోటేనా ఇది అని మీకనిపిస్తే నాకూ మొదట్లో అనిపించింది.

కానీ ఆ రెండేళ్లు మా పిల్లలు నేర్చుకున్నన్ని సంగతులు నేను నా ట్రైనింగుల్లో నేర్చుకోలేదు. తొలకరి పడగానే ఆరుద్ర పురుగులు బయటికొచ్చేవి. వాటిని ఆకుల మీద ఎక్కించుకుని ఒకటి, రెండు, నాలుగు అని లెక్కపెట్టేవాళ్లు. తడి ఇసకలో పుల్లతో 'అ' రాస్తే వాన చెరిపేసేది, మళ్లీ రాసేవాళ్లు. విసుగు రాలేదు వాళ్లకి. పలక మీద చెరిపితే ఏడ్చేవాళ్లు, వాన చెరిపితే నవ్వేవాళ్లు. కార్తీకంలో సాలెగూళ్ల మీద మంచు చూసేవాళ్లు. చలికాలం చెరకు లోడుతో ట్రాక్టర్లు పోతుంటే కంచె దగ్గర నిలబడి గడలకోసం కేకలు. మాఘంలో జీడిపూత వాసన. ఎండాకాలం జీడిపళ్ల రసంతో బట్టలు పాడుచేసుకుని తల్లుల చేత తిట్లు నాకు తినిపించేవాళ్లు. పచ్చి జీడిపిక్క పగలగొడితే చెయ్యి కాలుతుందని చెప్పినా ప్రతి సంవత్సరం ఒకరు కాల్చుకునేవాళ్లు. ఒకరు కాల్చుకుంటే మిగతా అందరికీ పాఠం వచ్చేసేది.

అసలు మొదటి వారం సగం మంది తల్లులు పిల్లల్ని పంపలేదు. ఎందుకంటే ఆ తోట మంచిది కాదట. ఈ సంగతి నాకు చెప్పింది ఒక నాయనమ్మ. గేటు దగ్గర మనవరాల్ని చంకనేసుకుని నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా చెప్పింది.

"మజ్జాన్నం పూట ఆ తోటలో గుంటల్ని పేరెట్టి పిలవకు టీచరమ్మా. అక్కడ ఇనీవోళ్లుంటారు. పేరు పట్టుకున్నాయంటే మన గొంతుతోనే పిలుస్తాయి. అమ్మ గొంతుతో పిలుస్తాయి. ఒకపాలి పిలిస్తే పలక్కూడదు. రెండోపాలి పిలిసినా పలక్కూడదు. మూడోపాలి పిలిస్తే అప్పుడు పలకాల. మూడోపాలి పిలవడం దానికి రాదు."

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ మాట వినగానే నా బుర్రలో ఒక దీపం వెలిగింది. అదీ నా ఖర్మ. కంచె అవతల బావి ఉంది, చెరకు ఉంది, రోడ్డు మీద పోయే తెలియని మనుషులున్నారు. పిల్లలు ఎవరు పిలిచినా పరిగెత్తే రకం. "ఎవరైనా మీ పేరు పెట్టి పిలిస్తే పలక్కూడదు, కదలకూడదు" అని నేర్పితే ఎంత క్షేమం! తల్లులకీ భయం తీరుతుంది, నాకూ కాపలా తప్పుతుంది. అలా వచ్చాయి చెట్ల పేర్లు. గేటు దగ్గర ప్రతి పిల్లా ఒక చెట్టుని ఎంచుకుంది. నేనుగానీ ఆయాగానీ చెట్టు పేరుతో పిలిస్తే "ఓయ్" అనాలి. సొంత పేరుతో ఎవరు పిలిచినా కిక్కురుమనకూడదు.

ఇక ఆ మూడోపాలి సంగతి. మా పిల్లలకి రెండు తర్వాత నాలుగొచ్చేది. వాళ్లకి మూడో పిలుపు మినహాయింపు ఏం నేర్పను? తీసేశాను. పెద్దావిడ మాటలో పనికొచ్చే ముక్క ఉంచుకుని చాదస్తం కత్తిరించానని అనుకున్నాను. నిజానికి ఎవరి తెలివి ఎంతో ఆ కత్తిరింపులోనే ఉంది.

నేర్పితే సరిపోదు కదా, పరీక్ష పెట్టాలి. వారానికి ఒకసారి పంపుషెడ్డు వెనక దాక్కుని, గొంతు మార్చి పిల్లల్ని సొంత పేర్లతో పిలిచేదాన్ని. పలికినవాళ్లు ఔట్. పలకనివాళ్లకి ఒక హల్వా ముక్క; మాడుగుల నుంచి మా ఆయన తెచ్చేవాడు. రెండు నెలలయ్యేసరికి ఎవరూ ఔటవ్వడం లేదు. దాంతో నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది. ఒక్కొక్క తల్లి గొంతు పట్టుకున్నాను. ముక్కుతో మాట్లాడే తల్లి, సాగదీసే తల్లి, తిట్టి పిలిచే తల్లి. "ఇంటికి పోదాం రాయే" అని పిలిచేదాన్ని. ఏడుస్తున్నట్టు పిలిచేదాన్ని. "ఆట అయిపోయిందే అమ్మా, ఇంక రాయే" అని కూడా పిలిచేదాన్ని. అది విని లేచినవాళ్లు ఔట్. ఆయా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "నువ్వు బుర్రకతల్లో ఉండాల్సినదానివి టీచర్" అనేది. నేనూ నవ్వేదాన్ని.

ఆ ఆటలో ఎప్పుడూ ఓడనిది ఒకత్తే. ఆ నాయనమ్మ మనవరాలు. నాలుగేళ్లది, అందరికంటే చివర చేరింది. అప్పటికి పెద్ద చెట్లన్నీ మిగతావాళ్లు పంచేసుకున్నారు. గేటు పక్కనున్న తంగేడు పొదని చూపించి "అది నాను" అంది. మొండి ఘటం. నేను వాళ్లమ్మ గొంతుతో ఎంత బతిమాలినా పెదాలు లోపలికి మడుచుకుని, కళ్లు పెద్దవి చేసుకుని కూచునేది. ఆ పిల్లని చూపించి మిగతావాళ్లతో చప్పట్లు కొట్టించేదాన్ని. మొక్కై వంగనిది మానై వంగదని ఊరికే అన్నారా అని ఆయాతో గొప్పలు పోయాను.

అది కార్తీకం. ఆ రోజు నాకు చోడవరంలో మీటింగు. తోటలో ఆయా ఒక్కతే. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు దాగుడుమూతలు ఆడారు. మూడింటికి ఆయా చెట్ల పేర్లు వరసగా పిలిచింది. వేప ఓయ్, పనస ఓయ్, ఉసిరి ఓయ్. తంగేడు పలకలేదు. రెండుసార్లు, పదిసార్లు పిలిచింది. లేదు. ఆయా మిగతా పిల్లల్ని ఈడ్చుకుంటూ ఊళ్లోకి పరిగెత్తి కేక పెట్టింది.

నా ఫోను సైలెంట్లో ఉంది. చూసుకునేసరికి నాలుగు. ఆటోవాడి ప్రాణాలు తోడేసి నాలుగున్నరకి దిగాను. అప్పటికే ఊరు ఊరంతా అక్కడుంది. మగాళ్లు చెరకులోకి దిగారు, కత్తులతో ఆకు తప్పించుకుంటూ. ఇద్దరు నేలబావిలో ఉన్నారు. పైనున్నవాళ్లు బావిలోకి వంగి చూస్తున్నారు. మిగతా అందరూ ఆ పిల్ల పేరు పెట్టి పిలుస్తున్నారు. ఒక్క పేరు, నలభై గొంతులు. కొండకి తగిలి మళ్లీ వచ్చేది.

అందరి మధ్యా తల్లి. చెరకు తోట పనిలోంచి అలాగే వచ్చేసింది. చేతులకి గీతలు, కాళ్లకి మట్టి. గొంతు అప్పటికే పోయింది. పిలుస్తోంది, దగ్గుతోంది, మళ్లీ పిలుస్తోంది. నన్ను చూసి నా దగ్గరికి రాలేదు. నా వైపు ఒకసారి చూసి మళ్లీ పిలవడం మొదలెట్టింది.

నేనేం చేశానో చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. నేనూ వాళ్లతోబాటు ఆ పేరే పెట్టి పిలిచాను, చెట్టు పేరుకి పలకలేదని వదిలేసిన ఆయా కూడా. గంటసేపు. కంచె వెంట, బావి చుట్టూ, చెట్ల వరసల్లో. రెండేళ్లుగా రోజూ చెప్పింది, చేయించింది, చప్పట్లు కొట్టించింది ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. భయం వేస్తే మనిషికి చదువు ఉండదు.

పొద్దు కొండ వెనక్కి దిగింది. చెట్ల కింద అప్పటికే చీకటి. బావిలో దిగినవాళ్లు ఖాళీ చేతులతో పైకొచ్చారు. అందరూ ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నారు. ఆ సందులో తల్లి గొంతు వినబడింది. పంపుషెడ్డు దగ్గర నేలమీద కూలబడి, ఏడుపులోంచి మాట కూడగట్టుకుని పిలుస్తోంది.

"ఆట అయిపోయిందే అమ్మా... ఇంక రాయే..."

అవి నా మాటలు. షెడ్డు వెనక నిలబడి, ఆమె గొంతు అరువు తెచ్చుకుని, ఆమె కూతురికి నేను పెట్టిన పరీక్ష అది. అక్షరం తేడా లేదు.

"అందరూ నోరుముయ్యండి" అని అరిచాను. నేనెప్పుడూ ఊళ్లో పెద్దల మీద అలా అరిచినదాన్ని కాదు. అందరూ ఆగిపోయారు. తల్లి మాత్రం ఆగలేదు; ఆయా వెళ్లి ఆమె నోరు చేత్తో మూసింది. పిలిచాను.

"తంగేడూ..."

"ఓయ్!"

తల్లి కూచున్న చోటికి పది అడుగుల వెనక, ఈతపొదలోంచి. ఆ పొద కింద పిల్లలు పాకి పాకి చేసుకున్న సొరంగం ఒకటి ఉంది, పెద్దవాళ్లెవరికీ తెలీదు. మధ్యాహ్నం దాక్కోడానికి దూరి నిద్రపోయిందట. నలభైమంది పిలుపులకి మెలకువొచ్చింది. అప్పటినుంచి అక్కడే కదలకుండా కూచుంది.

పాకుతూ బయటికొచ్చింది. మొహం నిండా ఈతముళ్ల గీతలు. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర పళ్లగాట్లు, నెత్తురు చిమ్మి. నోట్లోంచి మాట రాకుండా తన చెయ్యి తనే కొరుక్కుంది. తల్లిని దాటి నా దగ్గరికొచ్చి, తలెత్తి చూసి అడిగింది.

"గెలిచేనా టీచర్?"

తల్లి కూతుర్ని లాక్కుని ఒళ్లంతా తడుముకుంటూ అడిగింది.

"నాను పిలిస్తే నీకు ఇనబడనేదేటే?"

"ఇనబడ్డాది. ఏడిసేవు కూడాను."

"మరి పలకవేటే? అమ్మని కదేటే?"

పిల్ల నా వైపు చూసింది. తప్పు చెప్తే హల్వా పోతుందన్నట్టు జాగ్రత్తగా చెప్పింది. "అమ్మ గొంతుతో పిలిసేది అమ్మ కాదు. టీచరు సెప్పేరు."

ఎవరూ నన్ను కొట్టలేదు. తిట్టనైనా తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ నాయనమ్మ ఒక్కత్తే నా దగ్గరికొచ్చి, మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా అంది.

"మూడోపాలి పలకమని సెప్పేను కదా తల్లీ నీకు. ఆ మాటేటి సేసేవు?"

ఆ నాయనమ్మలాంటివాళ్లు చదువుకోలేదు. భయంలో బతికారు. అయినా వాళ్ల భయానికి ఒక తలుపు పెట్టుకున్నారు, తల్లి లోపలికి రావడానికి. నమ్మకం లేని నేను ఆ భయాన్ని పనిలో పెట్టుకుని, తలుపు మూసేశాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. కాకపోతే కాలింది నా తల కాదు.

సంవత్సరంపాటు ఎవరూ తోటలోకి వెళ్లలేదు. ఒకరి అరుగు మీద నడిపాం కేంద్రాన్ని. తర్వాత పిల్లలే ఏడ్చి గోలపెట్టి తల్లుల్ని ఒప్పించారు. మళ్లీ వెళుతున్నాం. చెట్ల పేర్లు లేవు. గేటు దగ్గర ఎవరి పేరు వాళ్లు గట్టిగా అరిచి లోపలికి రావాలి, పిలిస్తే మొదటి పిలుపుకే పలకాలి. ఈతపొదలు కొట్టించేశాను. బావికి గట్టు కట్టించేదాకా నేను నిద్రపోలేదు, ఊళ్లోవాళ్లని పోనివ్వలేదు.

అయినా మధ్యాహ్నం పిల్లలు భోంచేసి నిద్రపోయాక, చెట్ల వరసల మధ్యనుంచి ఆ తల్లి గొంతు వస్తుంది. పోయిన గొంతు, దగ్గుతో కలిసి. ఆట అయిపోయిందే అమ్మా. దెయ్యమైతే భయపడి ఊరుకునేదాన్ని. అది బతికున్న మనిషిది. ఆ వేళకి ఆమె కంచె అవతల చెరకులో కలుపు తీస్తూ ఉంటుంది, నోరు మెదపకుండా. ఇంట్లో మా ఆయన వంటింట్లోంచి పిలిస్తే నేను వెంటనే పలకలేకపోతున్నాను. చెవుడొచ్చిందా అంటాడు. మూడోసారి పిలిచేదాకా నా నోరు పెగలదు.

ఆ పిల్ల ఇప్పుడు రెండో తరగతి. బడిలో పిలిస్తే పలుకుతుంది, ఇంట్లో పలుకుతుంది, దారిలో కనబడితే "టీచర్" అని చెయ్యూపుతుంది. తమ్ముడు మా కేంద్రంలోనే ఉన్నాడు. సెలవు రోజుల్లో వాడితోబాటు తోటలోకి వస్తుంది. లోపలికొచ్చాక మాత్రం సొంత పేరుకి పలకదు. పెదాలు లోపలికి మడుచుకుంటుంది. ఒకరోజు పక్కన కూచోబెట్టుకుని చెప్పాను. ఆ ఆట తప్పమ్మా, నేనే తప్పు చేశాను, ఆట అయిపోయింది, ఇంక పలకొచ్చు అని. అంతా విని, నన్ను పట్టేసినట్టు నవ్వింది.

"అలాగనే పిలిసీవారు కదా టీచర్, మీరు."

మొక్కగా వంచినది మానయ్యాక మళ్లీ నిటారుగా ఎలా నిలబడుతుందో ఏ సామెతా చెప్పలేదు.

మొన్న దసరా సెలవుల్లో తల్లి పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చింది. పిల్ల తప్పిపోయిన రోజు తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. గేటు బయటే నిలబడుతుంది, కొడుకు పరిగెత్తుకొస్తే చెయ్యి పట్టుకుని వెళ్లిపోతుంది. ఆ రోజు కూతురు దూరంగా ఉసిరిచెట్టు కింద చిన్నపిల్లలకి పిచ్చుకగూళ్లు కట్టిస్తోంది. తల్లి పేరు పెట్టి పిలిచింది. పిల్ల కదల్లేదు. రెండోసారి పిలిచింది. పిల్ల చేతులు ఇసకలో ఆగిపోయాయి, తల ఎత్తలేదు. అత్తగారు చెప్పిన మాట ఆమెకీ గుర్తుండే ఉంటుంది. మూడోసారి నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి పిలిచింది.

పిల్ల పలకలేదు.

అప్పుడు ఆమె నా వైపు చూసింది. మూడేళ్లలో మొదటిసారి. కోపం లేదు ఆ చూపులో, అలిసిపోయి ఉంది. గేటు పక్కనున్న పొద మీద చెయ్యి వేసి, తను పెట్టుకున్న పేరు విడిచిపెట్టి, నేను పెట్టించిన పేరుతో కన్నకూతుర్ని పిలిచింది.

"తంగేడూ..."

"ఓయ్!" అంటూ ఇసక దులుపుకుని పరిగెత్తుకొచ్చింది పిల్ల.